అల్పప్రాణి - అనల్పహాని

మహాభారతమున శాంతిపర్వమునందు నారదమహర్షి ధర్మరాజునకు కర్ణుని శాపవృత్తాంతము చెప్పు ఘట్టమొకటి కలదు. పరశురాముడు శిష్యుని తొడపై తలనిడి నిద్రించుచుండగా నొక పురుగు వచ్చి యాతని తొడను దొలిచినది. గురువునకు నిద్రాభంగమగునేమో యని కర్ణుడు కదలక మెదలక యోర్చుకొనెను. వెచ్చని నెత్తురు సోకి మేల్కొనిన గురువు, ఇంతటి బాధను బ్రాహ్మణుడోర్వజాలడని శంకించి, నిజము రాబట్టి, శపించెను. ఈ కథ నెఱుగనివారు మనలో నుండరు. కాని యా పురుగు రూపమును వ్యాసమహర్షి యెట్లు వర్ణించెనో గమనించినవారు తక్కువ. దానికి ఎనిమిది కాళ్లట. వాడియైన కోఱలట. సూదులవంటి రోమములట. నెత్తురును మాంసమును దాని యాహారమట. అలర్కమని దాని పేరట. పరశురాముని చూపు సోకినంతనే యది తాను పీల్చిన నెత్తుటిలోనే కరగి ప్రాణములు విడిచెనట.

పురుగులకు కాళ్లు ఆరే. ఎనిమిది కాళ్లు గలవి సాలెపురుగు, తేలు మొదలగునవి. ఆ జాతిలో నెత్తురు త్రాగి యుబ్బునట్టిది యేదియని మేమొకప్పుడు ఆలోచింపగా, అది యెచ్చటనో కాక మా పశువుల కొట్టములోనే కనబడినది. అదియే పిడుదు. గోమారి యనియు, కొన్ని తావుల మిన్నల్లి యనియు దీనిని పిలుతురు. కర్ణుని తొలిచినది పిడుదేయని సిద్ధాంతము చేయుటకు మేము పూనుకొనలేదు. పురాణములోని పురుగు పురాణముననే యుండనిండు. కాని యొక భేదమును మాత్రము సోదరీమణులు గుర్తుంచుకొనవలయునని మనవి. కర్ణునకు బాధ తెలిసినది, తెలిసియు నోర్చెను. పిడుదు కఱచినప్పుడు బాధయే తెలియదు. బాధ లేదు కనుక భయము లేదు. భయము లేదు కనుక జాగ్రత్త లేదు. ఆ యజాగ్రత్తకు మేమొక ప్రాణమును మూల్యముగ నిచ్చుకొంటిమి.

మా యింట గౌరియను సంకరజాతి యావు ఉండెడిది. రెండవ యీత. పూటకు అయిదు లీటర్లకు తక్కువ కాకుండ పాలిచ్చెడిది. ఒక వేసవిలో దాని చెవులలోను, గంగడోలు మడతలలోను, పొదుగు మొదటను పిడుదులు చేరినవి. చూచితిమి. పశువన్న తరువాత పిడుదులుండవా యని తేలికగా తీసికొంటిమి. తీరిక దొరకినప్పుడు నాలుగింటిని చేతితో పెఱికి, గోళ్లతో నలిపి పాఱవేయుచుంటిమి. ఒకనాడు గౌరి మేత మానినది. పాలు సగమునకు సగము తగ్గినవి. ఎవరి దృష్టియో తగిలినదని దిగదుడిచితిమి. మిరియాలు, పసుపు కలిపి కషాయము పోసితిమి. మూడవనాటికి భుజము ముందు నిమ్మకాయంత గడ్డ కనబడినది. అయిదవనాడు పశువైద్యుడు వచ్చి కనుఱెప్పలు విప్పి చూడగా లోపల నెఱుపన్నది లేదు, సున్నపుగోడవలె పాలిపోయియున్నది. ఆయన చెవికొన నుండి నెత్తుటిచుక్క తీసి పరీక్షించి, థైలీరియా జ్వరమని నిర్ణయించి, సూదిమందిచ్చెను. సమయము మించినది. ఏడవనాటి తెల్లవాఱుజామున గౌరి కన్నుమూసినది. లేగ మిగిలినది.

“చెవులలో పిడుదులున్నట్లు మీరు చూడలేదా అమ్మా?” యని ఆయన యడిగెను. “చూచితిమి” అని చెప్పవలసివచ్చెను. చూడలేదని చెప్పగలిగిన నింత బాధ యుండకపోవును. నాటినుండి యీ ప్రాణినిగూర్చి తెలిసినవారి నడిగియు, చదివియు మేము గ్రహించిన సంగతులను, ఇంకొక యింట నింకొక గౌరి పోకుండుటకై, ఇచ్చట విన్నవించుచున్నాము.

పిడుదు జీవితము

పిడుదు బ్రతుకులో గుడ్డు గాక మూడు దశలు కలవు. గుడ్డునుండి వెలువడిన పిల్లకు ఆరు కాళ్లే యుండును. అది నెత్తురు త్రాగి కుబుసము విడిచి, ఎనిమిది కాళ్ల బాలపిడుదగును. అదియు మఱల త్రాగి, మఱల కుబుసము విడిచి, పెద్దదగును. దశ మాఱినప్పుడెల్ల దానికి నెత్తురు కావలయును. ఆడుపిడుదు కడపటిసారి కడుపునిండ త్రాగి, తన మొదటి బరువునకు నూఱురెట్లవఱకు పెరిగి, ఆముదపుగింజవలె నుబ్బి నేలరాలును. గోడ పగుళ్లలోనో, పేడకుప్ప క్రిందనో, గడ్డి మొదళ్లలోనో చేరి వేలకొలది గుడ్లుపెట్టి మరణించును. కావున ఉబ్బిన పిడుదొకటి కొట్టములో రాలినదనగా, వచ్చు కాలమునకు వేల పిడుదులు సిద్ధమగుచున్నవని యర్థము.

మన పశువులపై సాధారణముగ కనబడు పిడుదులలో నొక తెగ తన మూడు దశలను ఒక్క పశువు మీదనే సుమారు మూడు వారములలో గడపును. మఱికొన్ని తెగలు దశకొక ప్రాణి నాశ్రయించును: మొదట ఎలుకనో పక్షినో, పిమ్మట కుందేలునో, తుదకు పశువునో. ఇట్లిల్లిల్లు తిరుగు బిచ్చగానివలె తిరుగునవే యొక ప్రాణి వ్యాధిని మఱొక ప్రాణికి చేర్చుటలో నెక్కువ నేర్పరులు.

పిడుదునకు ఱెక్కలు లేవు, ఎగురలేదు, దుముకలేదు. అది గడ్డిపోచ కొననెక్కి ముందుకాళ్లు చాచి వేచియుండును. ఆ ముందుకాళ్ల చివర సూక్ష్మమైన జ్ఞానేంద్రియమొకటి కలదు. దానితో పశువు విడుచు ఊపిరిని, శరీరపు వేడిమిని, వాసనను కనిపెట్టును. తాకిన తక్షణమే పట్టుకొనును. పట్టినచో వెంటనే కఱవదు. మెత్తని చర్మమును వెదకికొని, ముక్కునకు ముండ్లుగల మొద్దువంటి దానిని లోనికి దింపును. పలు తెగలు బంకవంటి పదార్థమును స్రవించి తమ్ము తామే యచ్చట నతుకుకొనును. దాని లాలాజలములో చర్మమును మొద్దుబాఱజేయు ద్రవ్యములును, నెత్తురు గడ్డకట్టకుండజేయు ద్రవ్యములును కలవు. అందుచేతనే దినముల తరబడి నెత్తురు పీల్చుచున్నను తెలియదు. ఆ లాలాజలముతోడనే వ్యాధిబీజములును దిగును. పాలు నిండిన పొదుగును పట్టుకొని యుండియు నెత్తురే కోరునది లోకమున నిదియొక్కటే కాబోలు!

పశువులకు వచ్చు వ్యాధులు

అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దమున టెక్సాసు మొదలగు దక్షిణప్రాంతములనుండి పశువులను మందలుగా నుత్తరమునకు తోలుకొనిపోవుచుండిరి. తోలబడిన పశువులు ఆరోగ్యముగనే యుండెడివి. అవి నడచిన దారిలోను, మేసిన బయళ్లలోను తరువాత మేసిన ఉత్తరదేశపు పశువులు మాత్రము జ్వరముతో, ఎఱ్ఱని మూత్రముతో కుప్పలుగా చచ్చెడివి. పిడుదులే కారణమని కొందఱు పశుపాలకులు చెప్పగా చదువుకొన్నవారు నవ్విరి. థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు నవ్వక పరీక్షించిరి. దక్షిణపు పశువుల మీది పిడుదులను చేతులతో నేఱివేసి, ఉత్తరపు పశువులతో కలిపి కట్టిరి, వ్యాధి రాలేదు. పశువులు లేకుండ పిడుదులను మాత్రమే బీటిలో చల్లిరి. అచ్చట మేసిన పశువులకు వ్యాధి వచ్చెను. ఇంతకన్న వింత యేమనగా, వ్యాధిబీజము తల్లిపిడుదునుండి గుడ్డులోనికి, గుడ్డునుండి పిల్లకును సంక్రమించుచుండెను. పుట్టుకతోడనే విషము గలది యన్నమాట. 1893లో వారీ సంగతి ప్రకటించిరి. నెత్తురు త్రాగు చిన్నప్రాణి యొక జంతువునుండి మఱొక జంతువునకు వ్యాధి చేర్చునని ప్రయోగపూర్వకముగ ఋజువైన తొలి సందర్భములలో నిదియొకటి. నాలుగేండ్లకు, 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా బీజమును కనుగొనెను. పసులకాపరుల మాట నవ్వి త్రోసివేయక పరీక్షించుటయే యింతటి దారికి మొదలు.

ఆ టెక్సాసు జ్వరమునకు కారణమైన బీజమునకు, దానిని 1888లో రుమేనియాలో మొదట చూచిన బాబెష్ అను పండితుని పేరిట బాబేసియా యని నామకరణము జరిగినది. ఇది మన దేశమునను కలదు. నెత్తుటిలోని యెఱ్ఱకణములను పగులగొట్టుటచేత మూత్రము కాఫీ డికాక్షను రంగున వచ్చును. అట్టి మూత్రము కనబడిననాడు ఒక పూటయైన నాలస్యము చేయరాదు.

గౌరిని పొట్టనబెట్టుకొన్న థైలీరియా వేఱొకటి. తీవ్రజ్వరము, భుజము ముందరి గ్రంథులు వాచుట, మేత విడుచుట, పాలు తగ్గుట, ఎగయూపిరి, కనుఱెప్పలు పాలిపోవుట దీని లక్షణములు. ఒంగోలు మొదలగు మన నాటుజాతులు తరతరములుగా పిడుదులతో కాపురము చేయుటచేత దీనిని చాలవఱకు తట్టుకొనగలవు. విదేశపు జెర్సీ, హోల్‌స్టీన్ రక్తము కలిసిన సంకరజాతి పశువులు తట్టుకొనలేవు. ఎక్కువ పాలు కావలయునని సంకరజాతి నింటికి తెచ్చుకొన్నవారు, ఎక్కువ జాగ్రత్తయు దానితోబాటు తెచ్చుకొనవలయును. మేము పాలను తెచ్చుకొంటిమి, జాగ్రత్తను మఱచితిమి. ఈ వ్యాధికి టీకా కలదు. అది మన హైదరాబాదులోనే తయారైనది. బూపర్వాక్వోన్ అను మందును కలదు. కాని యా మందు తొలిదినములలో పడినప్పుడే దానికి బలము.

కుక్కల నాశ్రయించు గోధుమవన్నె పిడుదు ఇండ్లలోని గోడసందులలో, తలుపు చట్టముల వెనుక కాపురముండును. ఎర్లిఖియా యను బీజమును కుక్కకు చేర్చును. కుక్క చిక్కిపోవుట, ముక్కువెంట నెత్తురు కారుట కనబడిన దానిని శంకింపవలయును. పిల్లలు కుక్కను కౌగిలించుకొని పడుకొను నిండ్లలో నీ సంగతి మఱింత ముఖ్యము.

మనుజులకు వచ్చు వ్యాధులు

పశువులతో నాగిన మనకింత చింత యుండకపోవును. 1957లో కర్ణాటకమున శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చెట్లపైనుండి రాలి చచ్చుట ప్రజలు చూచిరి. కొలదికాలమునకే అడవికి పోయివచ్చు గ్రామస్థులకు తీవ్రజ్వరము, భరింపరాని తలనొప్పి, ఒడలినొప్పులు, కొందఱికి ముక్కు నుండియు చిగుళ్లనుండియు రక్తస్రావము కలిగెను. పచ్చజ్వరము మన దేశమున ప్రవేశించెనేమో యని మొదట భయపడిరి. పూనాలోని వైరసు పరిశోధనాలయమువారు పరీక్షించి, ఇది క్రొత్త వైరసనియు, అడవిపిడుదుల మూలమున వచ్చుచున్నదనియు కనుగొనిరి. ఆ యడవి పేరే వ్యాధికి పేరైనది, కన్నడిగులు కోతిజ్వరమందురు. చలికాలము చివరనుండి వేసవివఱకు నిది యెక్కువ. వ్యాధి సోకినవారిలో నూటికి ముగ్గురు మొదలు అయిదుగురు మరణింతురని లెక్క. కట్టెలకు, ఎండుటాకులకు అడవికి పోవువారే దీనికి ముందుగా చిక్కుదురు. ఆ పని మన పల్లెలలో ఎక్కువగా నెవరు చేయుదురో సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇటీవలి దశాబ్దములలో నీ జ్వరము కేరళ, గోవా, మహారాష్ట్రములకును ప్రాకినది.

క్రిమియా-కాంగో జ్వరము మఱియు భయంకరము. 1944లో క్రిమియాలో సైనికులకును, 1956లో కాంగోలో నొక రోగికిని వచ్చిన జ్వరములు రెండును ఒక్కటేయని తరువాత తేలుటచే ఈ జంటపేరు కలిగెను. 2011 జనవరిలో మన దేశమున గుజరాతులోని అహమ్మదాబాదు ప్రాంతమున మొదటిసారి ఇది బయటపడినది. వ్యాధి సోకిన గ్రామస్త్రీయే కాక, ఆమెకు చికిత్స చేసిన వైద్యుడును, సేవచేసిన నర్సును మరణించిరి. ఈ వైరసు పశువులో నున్నను పశువునకు జబ్బు చేయదు. చూచుటకు సుఖముగనే యుండును. పిడుదు కఱచుటవలననే కాక, పిడుదును చేతితో నలుపుటవలనను, కోసిన పశువు నెత్తురు తగులుటవలనను, రోగి రక్తము సోకుటవలనను మనుజులకు వచ్చును. గోళ్లతో పిడుదులను నలుపు మా పూర్వపు టలవాటు తలచుకొనిన నిప్పటికిని ఒడలు జలదరించును.

పిడుదులవలన వచ్చు టైఫస్ జ్వరమొకటి మన దేశమున చాల చోట్ల కలదు. జ్వరము వచ్చిన కొలది దినములకు మణికట్టులు, చీలమండలు మొదలుకొని అరచేతులు, అరికాళ్లవఱకు ఎఱ్ఱని దద్దు లేచును. దీనికి దగ్గఱిచుట్టమైన స్క్రబ్ టైఫస్ అను జ్వరము మన యాంధ్రదేశమునను కనబడుచున్నది. అయితే దానిని తెచ్చునది పిడుదు కాదు. పొదలలో నుండు, కంటికి కనబడనంతటి నల్లివంటి ప్రాణి పిల్ల. కఱచినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు ఏర్పడును. అది చంకలోనో, నడుము మడతలోనో, రవిక మాటుననో యుండును. స్త్రీలు సిగ్గుపడి చూపకపోవుటచేత వైద్యుడు గుర్తింపలేకపోవుట కలదు. ఈ రెండు జ్వరములకును డాక్సీసైక్లిన్ అను చవుకమందున్నది. ఆ చిన్న పెచ్చును చూపుటలోని సిగ్గు ప్రాణముకన్న నెక్కువ కాదు గదా!

ఒక తల్లి పట్టుదల

ఇక నీ వ్యాసమునకు ప్రాణమని మేము తలచు వృత్తాంతము చెప్పెదము.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమున లైమ్ అను చిన్న ఊరు కలదు. అచ్చట పాలీ మర్రే యను గృహిణి భర్తతో, పిల్లలతో నివసించుచుండెను. ఆమెకు ఏండ్ల తరబడి కీళ్లనొప్పులు, దద్దులు, జ్వరములు. పిమ్మట పిల్లలకును, భర్తకును అట్టివే వచ్చెను. ఎందఱు వైద్యుల కడకు పోయినను వ్యాధి పేరు తేలలేదు. పేరు తేలనిచో వ్యాధియే లేదనుట సులభము గదా! ఆమె మనస్సులోనే రోగమున్నదని కొందఱనిరి. ఆమె యేడ్చుచు కూర్చుండలేదు, వాదములాడలేదు. ఏ దినమున నెవరికి ఏ కీలు వాచెను, ఎచ్చట దద్దు లేచెను, ఎన్ని నాళ్లుండెను అని వ్రాసికొనుచు వచ్చెను. ఇరుగుపొరుగు పిల్లలకును అట్లే యగుచుండుట గమనించి వారి వివరములను సేకరించెను. 1975లో రాష్ట్ర ఆరోగ్యశాఖకు తెలిపెను. అదే కాలమున అచ్చటనే జూడిత్ మెన్ష్ అను మఱొక తల్లియు తన బిడ్డవిషయమై యట్లే మొఱపెట్టెను.

యేల్ విశ్వవిద్యాలయమునుండి ఆలెన్ స్టీర్ అను వైద్యుడు వచ్చెను. ఆమె తన జాబితా నాయనచేత నుంచెను. ఆ ప్రాంతమున మూడూళ్లలో 39 మంది పిల్లలు, 12 మంది పెద్దలు ఒకే తీరు కీళ్లవాపుతో బాధపడుచున్నట్లు విచారణలో తేలెను. పిల్లలకట్టి కీళ్లవాపు చాల అరుదు. ఒక్క చోట నంతమందికి వచ్చుట మఱియు నరుదు. వారిలో పావువంతుమందికి కీళ్లు వాచుటకు ముందు, నడుమ ఎఱుపును చుట్టు వలయమును గల దద్దు వచ్చియుండెను. అట్టి దద్దు పిడుదుకాటువలన వచ్చునని స్వీడను దేశపు వైద్యుడు ఆఫ్‌జీలియస్ 1909లోనే చెప్పియుండెను. దారి దొరికినది. 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అను శాస్త్రజ్ఞుడు పిడుదు కడుపులోని మరమేకువంటి బీజమును కనుగొన్నట్లు ప్రకటించెను. ఆ యూరి పేరిట లైమ్ వ్యాధి యనుచున్నారు. తొలిదశలో గుర్తించినచో మామూలు మందులతోనే నయమగును.

ఈ వ్యాధి మన యూళ్ల సంగతి కాదు. కాని మన తెలుగుబిడ్డలు చదువులకు, ఉద్యోగములకు న్యూజెర్సీ, న్యూయార్కు, కనెక్టికట్ రాష్ట్రములలో వేలకొలది స్థిరపడిరి. పురుళ్లకు, మనుమల పెంపకమునకు తల్లులు, అత్తలు పోవుచున్నారు. అచ్చటి జింకపిడుదు బాలదశలో గసగసాల గింజంతయే యుండును. పిల్లలు పచ్చికలో ఆడివచ్చినపుడు మోకాలి వెనుక, చంకలలో, చెవి వెనుక, జుట్టు మొదళ్లలో చూచుట అమ్మమ్మలకు తగిన పని. ఆ పిడుదు వ్యాధిబీజమును దింపుటకు సాధారణముగ నొక దినమునకు పైగా అంటిపెట్టుకొని యుండవలయునని వైద్యులు చెప్పుదురు. నాటి పిడుదును నాడే తీసిన బిడ్డకు చాలవఱకు భయము లేదు.

ఓర్పు స్త్రీలకు భూషణమని చిన్ననాటినుండి వినియున్నాము; కాదనము. కాని కర్ణుని యోర్పు ఆతనికి శాపమునే తెచ్చెను. పాలీ మర్రే బాధ నోర్చెను గాని బాధ లేదనెడి మాట నోర్వలేదు. ఆ రెండింటికిని భేదము తెలిసిన తల్లివలన నెందఱి పిల్లలో నేడు సుఖముగ నడచుచున్నారు. ఆమె 2019లో మరణించెను. పండితులు పెక్కండ్రు చేసిన పనికి మొదలు ఒక గృహిణి వ్రాసికొన్న కాగితములు.

మనము చేయదగిన పనులు

పిడుదు ఒడలికి పట్టినచో, అగ్గిపుల్లతో కాల్చుట, కిరసనాయిలు పోయుట, సున్నము పూయుట మొదలగు పాతపద్ధతులు విడువవలయును. అట్లు చేసిన నది బెదరి మఱింత లాలాజలమును లోనికి వదలవచ్చును. ముల్లుదీయు సన్నని శ్రావణముతో చర్మమునకు వీలైనంత దగ్గఱగ దాని మూతిని పట్టి, మెలిపెట్టక, గుంజక, నిలువుగ మెల్లగ పైకి లాగవలయును. కడుపును నొక్కరాదు. తీసిన పిమ్మట కాటుస్థలమును, చేతులను సబ్బుతో కడుగవలయును. పిడుదును నలుపక స్పిరిటు గల సీసాలో వేసి మూతపెట్టి, తేదీ వ్రాసి యుంచుట మంచిది. తరువాతి వారములలో జ్వరముగాని దద్దుగాని కనబడినచో ఆ సంగతి వైద్యునకు మనమే ముందుగ చెప్పవలయును. ఆయన యడుగునని యుండరాదు.

పశువులకు ప్రతిదినము పాలు పితుకు వేళ ఒక నిమిషము కేటాయించి చెవులలోపల, గంగడోలు మడతలు, కాళ్ల సందులు, పొదుగు మొదలు, తోక క్రింద తడవి చూడవలయును. ఒకటి రెండున్నచో చేతికి తొడుగు తొడిగికొని శ్రావణముతో తీయవచ్చును. ఎక్కువగ నున్నచో పశువైద్యుడు చెప్పిన మందును చెప్పిన పాళ్లలోనే నీటిలో కలిపి పూయించవలయును. చిక్కనైన కొలది మంచిదని పాళ్లు పెంచుట ప్రాణాపాయము. పూసిన తడి యాఱువఱకు పశువు నాకకుండ మూతికి చిక్కము కట్టవలయును. పాలు ఎన్నినాళ్లు వాడరాదో అడిగి తెలిసికొనవలయును. ఒకే మందును ఏండ్ల తరబడి వాడినచో పిడుదులు దానికి లొంగకుండ పోవుననియు పశువైద్యులు చెప్పుచున్నారు.

పశువుమీద నున్నవి కొన్నియే. కొట్టములోనున్నవి వాటికన్న ననేకము. కనుక కొట్టమును విడిచి పశువునకు మాత్రమే మందుపూయుట చిల్లికుండలో నీరు పోయుటయే. గోడపగుళ్లను మట్టితో పూడ్చి సున్నము కొట్టవలయును. గాడిక్రిందను, గుంజల మొదళ్లలోను శుభ్రముచేయవలయును. పేడకుప్ప కొట్టమునకు దూరముగ నుండవలయును. క్రొత్తగ కొన్న పశువును పరీక్షింపక పాతవానితో కట్టరాదు. కొట్టములో తిరుగు నాటుకోళ్లు పిడుదులను ముక్కులతో నేఱుకొని తినును. పశువుల వీపుపై వ్రాలు కాకులును ఆ యుపకారమే చేయును. సంకరజాతి పెయ్యలకు థైలీరియా టీకా యెప్పుడు వేయవలయునో పశువైద్యశాలలో విచారింపవలయును. పశువు ఒక్కపూట మేత విడిచినను, జ్వరము 104 డిగ్రీలు దాటినను దృష్టి తీయుటకు ముందు వైద్యుని పిలువవలయును. దృష్టి తీయుట తరువాతనైనను తీయవచ్చును. పోయిన దినములు తిరిగి రావు.

అడవికి, పొలములకు పోవువారు ఒడలినిండ బట్ట కట్టికొని, వచ్చినపిమ్మట బట్టలు వేఱుగ విడిచి, వేడినీళ్లతో స్నానముచేసి, ఒకరి వీపు నొకరు చూచుకొనవలయును. కోతులు చచ్చి పడియున్నచోటికి పోరాదు. పంచాయతీవారికో, వైద్యశాలకో తెలుపవలయును. కొట్టము చిమ్మునదియు, పేడయెత్తునదియు, పాలు పితుకునదియు పలు యిండ్లలో స్త్రీయే. పశువు మేత మానినట్లు మొదట కనిపెట్టునదియు నామెయే. కనిపెట్టినదానిని గట్టిగ చెప్పు ధైర్యముకూడ నామెకే యుండవలయును.

గౌరి లేగ నేడు పెరిగి చూడియైనది. దాని చెవులను ప్రతి సాయంకాలము మా చిన్నది తడవి చూచును. ఒకనాడు వర్షము కురియుచున్నది, రేపు చూడవచ్చులే యని మేమంటిమి. “గౌరినప్పుడు కూడ నట్లే యంటివి గదా అమ్మా” యని యది గొడుగు తీసికొని కొట్టమునకు పోయెను. ఆనాడు కుడిచెవిలో రెండు పిడుదులు దొరకినవి.